వ్యాయామమునకు తగిన ఇయర్‌ఫోనులు: వాని నెన్నుకొను విధము

నేడు ఉదయమున ఏ యూరి మైదానమునకు బోయినను, ఏ బాటవెంట నడచినను, చెవులలో చిన్న చిన్న బుడిపెలు పెట్టుకొని పరుగెత్తు యువజనులు కనబడుచుందురు. ఆ బుడిపెలనే ఇయర్‌ఫోను లందురు. కొందరు పాటలు విందురు. కొందరు కీర్తనలు విందురు. కొందరు మఱునాటి పరీక్షకు వలసిన పాఠములను సయితము వినుచు పరుగెత్తుదురు. పోలీసు ఉద్యోగమునకు జరుగు దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగున్నది గనుక దానికై తెల్లవారుజామున సాధన చేయు యువకులలో అనేకులకు ఇవి నిత్యము తోడుగా నున్నవి.

ఈ వస్తువును కొనునపుడు మనవారు సామాన్యముగా రెండే ప్రశ్న లడుగుదురు. వెల యెంత? పాట యెంత గట్టిగా వినబడును? ఇవి కడపట అడుగదగిన ప్రశ్నలే గాని మొదట అడుగదగినవి కావు. మొదట అడుగవలసినవి మూడు గలవు. దీనిని పెట్టుకొని నేనెక్కడ పరుగెత్తుదును? పెట్టుకొన్నపుడు బయటి లోకము నాకు వినబడునా? ఇరువది యేండ్ల తరువాత నా చెవి యెట్లుండును? ఈ మూడు ప్రశ్నలకు సరియైన యుత్తరము చెప్పుకొన్నవాడు అంగడిలో మోసపోడు. బాటమీద అపాయమున బడడు. కావున విద్యార్థులకును, వారికి ఈ వస్తువులు కొనిపెట్టు తల్లిదండ్రులకును ఉపయోగపడునట్లు ఈ విషయమును కొంచెము విపులముగా వివరించెదను.

సంగీతమును వ్యాయామమును

సంగీతము శరీరశ్రమను తేలిక చేయునను మాట క్రొత్తది కాదు. మన స్త్రీలు దంచునపుడును, నాట్లు వేయునపుడును, పల్లెకారులు తెడ్డు వేయునపుడును పాడుకొనుట ఇందుకే. దీనిని లెక్కలతో పరిశీలించినవారిలో నొకడు అమెరికా దేశస్థుడగు లియొనార్డ్ ఎయర్స్. న్యూయార్కు నగరమున ఆరు దినములు ఎడతెగక జరుగు సైకిలు పందెమును ఆయన గమనించి, బ్యాండు వాయించుచున్నపుడు పందెగాండ్రు గంటకు సగటున 19.6 మైళ్ల వేగముతోను, బ్యాండు ఆగినపుడు 17.9 మైళ్ల వేగముతోను త్రొక్కిరని 1911లో ప్రకటించెను. ఇథియోపియా దేశపు సుప్రసిద్ధుడగు హైలె గెబ్రెసిలాసీ 1998లో ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున 2000 మీటర్ల పరుగులో క్రొత్త రికార్డు నెలకొల్పినపుడు, తన అడుగులకు సరిపడు పాట నొకదానిని క్రీడాశాలలోని లౌడుస్పీకర్లలో వేయించుకొనెను.

శాస్త్రజ్ఞులు తరువాత చేసిన పరిశోధనలవలన తెలిసినదేమనగా, మితమైన వేగముతో చేయు వ్యాయామములో సంగీతము శ్రమను మఱపించి, అడుగునకు తాళమిచ్చును. శ్రమ మిక్కుటమైనపుడు రొప్పును, గుండె దడయు మనస్సు నాక్రమించుకొనుటచే సంగీతపు ప్రభావము తగ్గిపోవును. కాబట్టి దినదిన సాధనకు ఇది సహాయమే గాని, వేగమును పుట్టించు మంత్రము కాదు.

పైన చెప్పిన రెండు ఉదాహరణములలోను ఒక విశేషము గలదు. సైకిలు త్రొక్కినవారి చెవులును, గెబ్రెసిలాసీ చెవులును తెరచియే యుండెను. సంగీతము బయటినుండి వచ్చెను. చెవిలో బిరడావలె దూరు సాధనము వ్యాయామమునకు వచ్చుట తరువాతి మాట. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రవాసియగు నెథేనియల్ బాల్డ్విన్ తన వంటయింటి బల్లమీద తయారుచేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళము కొన్నది. అవి వైర్‌లెస్సు ఉద్యోగి కుర్చీలో కూర్చుండి వినుటకు పనికివచ్చినవే గాని పరుగెత్తువానికి గావు. 1979లో జపాను దేశమున సోనీ సంస్థవారు వాక్‌మన్ అను చేతిలో నిమిడెడు టేపు యంత్రమును విక్రయింప నారంభించిన పిమ్మటనే సంగీతము పాదచారికి తోడైనది. అటుపిమ్మట తీగ యవసరములేని బ్లూటూతు పద్ధతి వచ్చినది. పదియవ శతాబ్దమున డెన్మార్కు నేలిన హెరాల్డ్ బ్లూటూత్ అను రాజు పేరే దానికి పెట్టబడినది.

చెవి యను వరము

మనము వెలుపల చూచు దొప్ప చెవిలో చాల స్వల్పభాగము మాత్రమే. దానినుండి లోపలికి సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుగల కర్ణనాళ మున్నది. దాని చివర పలుచని పొరయగు కర్ణభేరి గలదు. ధ్వని తరంగములు తగిలి కర్ణభేరి కంపించును. ఆ కంపనమును కూటకము, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న యెముకలు లోపలికి చేరవేయును. అక్కడ నత్తగుల్లవలె చుట్టుకొనియున్న కాక్లియాలో ద్రవ మున్నది. ఆ ద్రవము కదలగా, అందులో సుమారు పదునైదువేలు గల రోమకణములు వంగి లేచి, ఆ కదలికను నాడులద్వారా మెదడునకు తెలియజేయును. మనము వినుట యనగా నిదియే.

ఈ రోమకణములే మన కథలో ముఖ్యమైనవి. గాలివానకు వరిచేను వాలునట్లు గొప్ప ధ్వనికి ఇవి వాలిపోవును. కొంచెము వాలిన మరల లేచును. అందుచేతనే తిరునాళ్ల మ్రోతలో నిలిచి యింటికి వచ్చిన రాత్రి చెవి గుయ్యిమని, మఱునాటికి సర్దుకొనును. మాటిమాటికి అట్లు జరిగిన కొన్ని కణములు చచ్చును. కోడిపిల్లలో ఇట్టి కణములు చచ్చిన క్రొత్తవి పుట్టునని 1980వ దశకమున శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మానవునికి ఆ భాగ్యము లేదు. పుట్టుకతో వచ్చిన కణములే తుదివరకు. పన్ను రాలిన కట్టుడుపన్ను పెట్టించుకొనవచ్చును. కన్ను మసకబారిన కండ్లద్దములు పెట్టుకొనవచ్చును. చచ్చిన రోమకణమును బ్రదికించు మందు నేటివరకు వైద్యశాలలలో లేదు.

మఱియొక సంగతి. అధికధ్వనివలన చెడు చెవి యొక్కసారిగా చెవుడు కాదు. మొట్టమొదట సన్నని హెచ్చుస్థాయి ధ్వనులే పోవును. స, శ, ష, త వంటి హల్లులలో నట్టి ధ్వనులే యెక్కువ. అప్పుడు ఎదుటివారు మాటలాడుట వినబడును గాని యేమనిరో తెలియదు. తరగతిలో వెనుక బల్లమీద కూర్చున్న బాలుడు ఉపాధ్యాయుడు చెప్పినది మాటిమాటికి అడుగుచుండిన, అది అశ్రద్ధయే యని యెంచి దండింపక, ఒకసారి వాని చెవిని పరీక్ష చేయించుట మేలు.

ఎంత ధ్వని, ఎంత కాలము?

ధ్వని తీవ్రతను డెసిబెలు లను కొలతతో కొలుతురు. మామూలు సంభాషణ 60 డెసిబెలుల ప్రాంతమున నుండును. ఇందలి లెక్క మామూలు కూడిక లెక్కవంటిది కాదు. మూడు డెసిబెలులు పెరిగెనా, చెవిలో ప్రవేశించు శక్తి రెట్టింపగును. పది పెరిగెనా, పదింతలగును.

ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమును కలిసి 2018లో ఏర్పరచిన ప్రమాణము ప్రకారము, పెద్దవారు వారమునకు 40 గంటలు 80 డెసిబెలుల ధ్వనిని వినవచ్చును. పిల్లలకు ఈ మేర 75 డెసిబెలులే. తీవ్రత మూడు డెసిబెలులు పెరిగినపు డెల్లను కాలమును సగమునకు దించవలెను. కావున పెద్దవారికి 83 డెసిబెలులైన 20 గంటలు. 86 అయిన 10 గంటలు. 89 అయిన 5 గంటలు. 92 అయిన రెండున్నర గంటలు. ఈ లెక్కను సాగించుకొనిపోయిన 101 డెసిబెలులకు వారమంతటికిని 19 నిమిషములు కూడ మిగులవు. సెల్‌ఫోనులు, ఇయర్‌ఫోనులు పూర్తిగా హెచ్చించినపుడు నూరు డెసిబెలులకు మించుట సామాన్యమే. దినమునకు అరగంట చొప్పున పరుగెత్తువాడు అట్లు వినెనేని, వారమున కేర్పడిన భాగమును మొదటి దినముననే వెచ్చించి మిగిలిన ఆరు దినములు అప్పు చేయుచున్నాడన్నమాట. ఆ యప్పు ముప్పదియవ యేటనో నలువదియవ యేటనో వడ్డీతో సహా వసూలగును.

చెవి మూయవలెనా, తెరువవలెనా?

ఇప్పుడు మనకొక చిక్కు ఎదురగుచున్నది. కర్ణనాళమును బిగువుగా మూయు ఇయర్‌ఫోను బయటి రొద నాపును. రొద లేనందున చిన్న ధ్వనితోనే పాట స్పష్టముగా వినబడును. రోమకణములకు అది మేలు. బాటమీద అదే సాధనము వెనుకనుండి వచ్చు లారీ హారనును కూడ ఆపును. చెవిని మూయని ఇయర్‌ఫోనులో బయటి ధ్వనులన్నియు వినబడును. బాటమీద ప్రాణమునకు అది మేలు. అట్లయ్యు రొదగల చోట పాట వినబడదు గనుక మనుష్యుడు తెలియకయే ధ్వనిని పెంచుకొనుచు బోవును. రోమకణములకు అది కీడు. ఒకటి చెవిని కాపాడి ప్రాణమును అపాయమున బెట్టును. రెండవది ప్రాణమును కాపాడి చెవిని అపాయమున బెట్టును.

ఈ చిక్కు విడదీయు మార్గ మొక్కటే. సాధనమును స్థలమునుబట్టి యెన్నుకొనవలెను. బండ్లు తిరుగని చోట, నాలుగుగోడల మధ్య, చెవిని మూయునది తగును. బండ్లు తిరుగు చోట చెవిని తెరచియుంచునదే తగును. తెరచియుంచినను పాట వినబడనంత రొదగల చోట ధ్వని పెంచుట గాక, ఇయర్‌ఫోనును తీసి జేబులో వేసికొనుటయే తగును.

కన్ను ముందున్నది మాత్రమే చూచును. వెనుకను ప్రక్కలను కావలికాయునది చెవి. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి సెకనునకు దాదాపు 17 మీటర్లు కదలును. మూడు సెకనులలో 50 మీటర్లు వచ్చి మీదపడును. హారను విని ప్రక్కకు తొలగుటకు మనకుండు గడువు ఆ మూడు సెకనులే. ఇప్పుడు విద్యుచ్ఛక్తితో నడచు ఆటోలు, మోటారుసైకిళ్లు వచ్చినవి. వాని చప్పుడు మఱింత తక్కువ.

నా స్వానుభవ మొకటి చెప్పెదను. ఒక మార్గశిర మాసపు టుదయమున మంచులో, చెవులు రెండును బిగువుగా మూసికొని, ఊరి వెలుపలి బాటమీద పరుగెత్తుచుంటిని. వెనుకనుండి ఎవరో నా భుజము పట్టి బాట దిగువకు లాగిరి. తిరిగి చూచునప్పటికి ఇసుక లారీ యొకటి నన్ను రాచుకొనునంత దగ్గరగా సాగిపోయెను. లాగినవాడు పాలబిందెలతో సైకిలు నడిపించుకొని పోవుచున్న ఒక వృద్ధుడు. "ఏమి బాబూ, మూడుమార్లు కేకవేసితిని, లారీవాడు హారను కొట్టుచునే యున్నాడు, చెవుడా ఏమి నీకు?" అని యడిగెను. "చెవుడు కాదు తాతా, పాట వినుచుంటిని" అని సిగ్గుతో జెప్పితిని. ఆయన నా చెవిలోని బుడిపెను చూచి, "దేవుడు తెరచి పంపినదానిని నీవు మూసికొంటివా నాయనా" అని మాత్రమనెను. ఆ మాట నేను మఱవలేదు. ఆనాడే ఆ ఇయర్‌ఫోనులను బాటమీద వాడుట మానితిని.

కొందరు ఒక చెవికి మాత్రమే పెట్టుకొని రెండవదానిని తెరచియుంచుదురు. రెండును మూయుటకంటె ఇది మేలే గాని చాలదు. ధ్వని యేదిక్కునుండి వచ్చుచున్నదో మెదడు రెండు చెవులను పోల్చి తెలిసికొనును. ఒక చెవికిని రెండవ చెవికిని ధ్వని చేరు కాలభేదము సెకనులో వేయవ భాగముకంటె తక్కువ. ఆ స్వల్పభేదముతోనే మెదడు దిక్కును గుర్తించును. ఒక చెవి మూసినవానికి హారను వినబడును గాని, బండి కుడినుండియో యెడమనుండియో వెంటనే తెలియదు.

ఇయర్‌ఫోనులలోని భేదములు

అంగడిలో పేర్లు నూరు వినబడినను జాతులు నాలుగే.

మొదటిది, మెత్తని సిలికాను కొనతో కర్ణనాళమును మూయునది. ఇది ధ్వనిని బాగుగ నిచ్చును, సులభముగా ఊడదు. దీనిలో నొక లోపము గలదు. మీ చెవులను వ్రేళ్లతో గట్టిగా మూసికొని నాలుగడుగులు వేసి చూడుడు. ప్రతి యడుగును డోలు మ్రోగినట్లు తలలో వినబడును. మూసిన నాళములో ఎముకలద్వారా వచ్చిన కంపనము బయటికి పోలేక నిలిచిపోవుటయే దీనికి కారణము. పరుగెత్తునపుడు ఈ దబదబ ధ్వని విసుగు పుట్టించును. దానిని కప్పుటకు మరల పాటను పెంచుదుము.

రెండవది, నాళములోనికి దూరక చెవిదొప్ప గుంటలో కూర్చుండునది. బయటి ధ్వని కొంత వినబడును. అందరి చెవిగుంటలు ఒక్కతీరుగ నుండవు గనుక కొందరికి ఇది రెండడుగులకే జారిపడును.

మూడవది, చెవిమీద కొక్కెమువలె తగిలి, నాళమునకు ఎదురుగా నిలిచి, గాలిద్వారా ధ్వనిని లోపలికి పంపునది. ఇది నాళమును తాకదు; చెమటవలన దురద పుట్టింపదు. బాటమీద పరుగునకు అనుకూలమైనది.

నాలుగవది, చెవి ముందరి దవుడ ప్రక్కయెముకమీద ఆని ఎముకద్వారా ధ్వనిని పంపునది. ఎముకద్వారా వినవచ్చునని పదునారవ శతాబ్దమునందే ఇటలీ దేశపు వైద్యుడు కార్డానో వ్రాసెను; కఱ్ఱకొనను పండ్లతో పట్టుకొనిన ధ్వని లోపలికి వచ్చునని ఆయన తెలిసికొనెను. ఇది చెవిని పూర్తిగా తెరచియుంచును. మృదంగమువంటి దిగువ స్థాయి ధ్వనులు ఇందులో పలుచగ వినబడును. దీనినిగూర్చి యొక భ్రమ వ్యాపించియున్నది. ఇది కర్ణభేరిని తాకదు గనుక యెంత గట్టిగా విన్నను హాని లేదని చెప్పుదురు. అది సరికాదు. ఎముకద్వారా వచ్చినను, గాలిద్వారా వచ్చినను, ధ్వని చేరవలసినది ఆ రోమకణముల కడకే. పైని చెప్పిన లెక్క దీనికిని వర్తించును.

ఇవిగాక, బయటి రొదకు ఎదురు తరంగమును పుట్టించి దానిని అణచు యంత్రముగలవి కొన్ని యున్నవి. జిమ్ములోను, రైలుబండిలోను ఇవి మేలైనవి; బాటమీద అపాయకరములు. బయటి ధ్వనిని మైకుతో గ్రహించి లోపలికి వినిపించు ఏర్పాటుగలవియు నున్నవి. ఇవి కొంత ఉపకరించును గాని, ఎదురుగాలిలో ఆ మైకు హోరుమనును. బ్యాటరీ అయిపోయినప్పుడు ఆ సాధనము వట్టి బిరడా యగును. ప్రాణమును బ్యాటరీమీద నుంచరాదు.

చెమటయు నీరును

మన దేశపు ఎండలో పరుగెత్తువానికి చెమట ధారలుగా కారును. అందుచేత పెట్టెమీద అచ్చువేసిన నీటి ప్రమాణమును చదువనిదే కొనరాదు. అది ఐ.పి. అను అక్షరములతో మొదలగును. వాని తరువాతి మొదటి అంకె ధూళినిగూర్చియు, రెండవది నీటినిగూర్చియు చెప్పును. మొదటి అంకె స్థానమున ఎక్స్ అను అక్షరమున్న, ధూళి విషయమై ప్రమాణము చెప్పబడలేదని యర్థము. నీటి అంకె 4 అయిన ఏ ప్రక్కనుండి తుంపురులు పడినను ఓర్చును. 5 అయిన గొట్టమునుండి చిమ్ము నీటిధారను ఓర్చును. 7 అయిన ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషములు మునిగియున్నను చెడదు. 8 అయిన అంతకు మించి, తయారుచేసినవారు చెప్పిన మేరకు తాళును. పరుగునకు నీటి అంకె 4 కంటె తక్కువ పనికిరాదు; విస్తారముగా చెమటపట్టువారికిని వానలో పరుగెత్తువారికిని 5 మేలు. ఎఱ్ఱమట్టి మైదానములలో ఆడువారు ధూళి అంకెనుకూడ చూచుకొనవలెను.

ఈ పరీక్షలన్నియు మంచినీటితో, క్రొత్త వస్తువుమీద చేయబడినవి. చెమటలో ఉప్పున్నది. ఆ ఉప్పు ఛార్జి యెక్కించు లోహపు చుక్కలను క్రమక్రమముగా తినివేయును. పరుగైన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, తడియారిన తరువాతనే పెట్టెలో నుంచవలెను. తడితో పెట్టెలో పెట్టి మూతవేయుటయే అనేక ఇయర్‌ఫోనులు చెడుటకు కారణము.

అంగడిలో పరీక్షించు విధము

సాధ్యమైనచో పెట్టుకొని చూచిన పిమ్మటనే కొనవలెను. తలను కుడియెడమలకు గట్టిగా ఊపుడు, ఇరువదిమార్లు ఎగురుడు, నోరు తెరచి మూయుడు. దవుడ కదలినపుడు కర్ణనాళపు ఆకారము కొంచెము మారును గనుక పలువురికి ఆ సమయముననే అది జారును. సిలికాను కొనలు సామాన్యముగా మూడు పరిమాణములలో నిత్తురు. కుడిచెవికిని ఎడమచెవికిని ఒకే పరిమాణము సరిపోవలెనను నియమము లేదు. వేర్వేరుగా అమర్చి చూచుకొనవలెను. పది నిమిషములలో నొప్పి పుట్టించునది గంటలో పుండు చేయును. ఎంత చవుకయైనను దానిని విడువవలెను. కండ్లద్దములు పెట్టుకొనువారు చెవిమీద కొక్కెముతో కూడినదానిని అద్దములతోనే పెట్టుకొని చూడవలెను.

పాట మార్చు మీట యెట్లున్నదో చూడుడు. చెమటవ్రేలికి స్పర్శమీట తరచుగా పలుకదు, నొక్కుడుమీట పలుకును. తీగగల ఇయర్‌ఫోనును హీనముగా చూడనక్కరలేదు. దానికి బ్యాటరీ లేదు, పోగొట్టుకొనుటయు అరుదు. తీగ చొక్కాకు రాచుకొని గరగర వినిపించును గనుక దానిని చొక్కాలోపలినుండి పోనిచ్చి చిన్న క్లిప్పుతో బిగించిన చాలును.

ఏ క్రీడకు ఏది?

మైదానములో చుట్లు తిరుగువారికి మూడవ జాతియో నాలుగవ జాతియో తగును. బాటమీద పరుగెత్తక తప్పనివారును ఆ రెండింటినే వాడవలెను. కాలిబాట లేనిచో ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు కుడిప్రక్కన పరుగెత్తవలెను. రైలుపట్టాల దరిదాపులలో ఏ జాతిదియు పనికిరాదు. సైకిలు త్రొక్కువారు అసలే పెట్టుకొనకుండుట ఉత్తమము. ఫ్రాన్సు దేశమున 2015 జూలై 1వ తేదీనుండి సైకిలుమీద ఇయర్‌ఫోనులు పెట్టుకొనుట శాసనముచే నిషేధింపబడినది.

జిమ్ములో చెవిని మూయునది తగును. అక్కడ బండ్లు లేవు. లౌడుస్పీకరు రొదయు ఇనుప బరువుల చప్పుడును మూసికొని, చిన్న ధ్వనితో వినవచ్చును. ఫుట్‌బాలు, కబడ్డీ, వాలీబాలు వంటి జట్టు ఆటలలో ఏదియు పనికిరాదు. తోడివాని పిలుపును, రెఫరీ యీలయు వినుటయే ఆ యాటలలో సగము విద్య.

ఈదువారి విషయము వేరు. బ్లూటూతు తరంగములు నీటిలో కొద్దిదూరమునకే అణగిపోవును గనుక గట్టుమీద నుంచిన ఫోనునుండి నీటిలోనికి పాట రాదు. పాటలను తనలోనే నిలువజేసికొని, 8 అంకె ప్రమాణముగల సాధనము కావలెను. అదియు ఈతకొలనులో మాత్రమే. చెఱువులోను, కాలువలోను, సముద్రములోను గట్టునుండి వేయు కేకయే ప్రాణరక్షణము.

పందెములో పాల్గొనువారికి ఒక హెచ్చరిక. ప్రపంచ అథ్లెటిక్సు సంఘమువారి నియమములు పోటీస్థలమున రేడియోలు, సెల్‌ఫోనులు మొదలగువాని నుంచుకొనుటను సహాయము పొందినట్లుగా నెంచును. కాబట్టి అనుదినమును పాటతోనే సాధన చేసినవాడు పందెమునాడు తాళము పోయినవానివలె తడబడును. వారమునకు రెండు దినములైనను ఏమియు వినక, తన శ్వాసను తన యడుగును వినుచు పరుగెత్తు అలవాటు చేసికొనవలెను.

శుభ్రత

తడియు వేడియు చేరిన కర్ణనాళములో బూజు పెరుగును. దురద, నొప్పి, చీము కలుగును. వారమున కొకసారియైనను సిలికాను కొనలను తీసి, సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి మరల తొడుగవలెను. ఒకరి ఇయర్‌ఫోను మఱియొకరు పెట్టుకొనరాదు. స్నేహితుడు తినిన చాక్లెటులో సగము పంచుకొనవచ్చును గాని చెవిలోని గులిమిని పంచుకొనుట స్నేహము కాదు. చెవి కారుచున్నను, నొప్పియున్నను అది మానువరకు వానిని మాని వైద్యునికి చూపవలెను.

తల్లిదండ్రులు చేయదగిన దొకటి గలదు. ధ్వని ఒక మేరకు మించకుండ బంధించు ఏర్పాటు నేటి ఫోనులలో అనేకమునకు గలదు. దానిని పిల్లల యెదుటనే, కారణము చెప్పి, వారి సమ్మతితో అమర్చవలెను. ఒక సులభ పరీక్ష కూడ గలదు. మీ బాలుడు ఇయర్‌ఫోను పెట్టుకొనియుండగా చేయిచాపు దూరమున నిలిచి మామూలు గొంతుతో పిలువుడు. పలికిన సరి, పలుకనిచో ధ్వని యధికమైనదని యెఱుగుడు.

ముగింపు

ఈ వ్యాసమంతయు నొక్కమాటలో చెప్పవలెనన్న, మంచి ఇయర్‌ఫోను అనగా వెలగలది కాదు, గట్టిగా మ్రోగునది కాదు. నీవు పరుగెత్తు చోటికి తగినది, నీ చెవిలో నొప్పిలేక నిలుచునది, నీ చెమటను ఓర్చునది, చిన్న ధ్వనితోనే నీకు చాలునది.

విద్యార్థులారా, మీ కాళ్లకు బలమిచ్చినవాడే మీ చెవులకును వినికిడి నిచ్చెను. ఒకదానిని పెంచుకొనుటకై రెండవదానిని పోగొట్టుకొనకుడు. మీరు వృద్ధులైన దినమున మీ పరుగు సహజముగ మందగించును. ఆనాడు మీ మనుమలు మీ ప్రక్కన కూర్చుండి మెల్లగా చెప్పు మాట మీకు వినబడవలెను గదా! ఆ దినముకొఱకు నేడే ధ్వనిని ఒక మెట్టు దింపుడు.